బోరింగ్ చేసిన ఇంజిన్‌లో కూలెంట్ కారుతుంటే: హెడ్ దించే ముందు చేయాల్సిన పని

మట్టి మిద్దెలో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. వానకు మిద్దె ఉరిసేది ఒకచోట, ఇంట్లో చుక్క పడేది ఇంకోచోట. నీళ్లు దూలం పట్టుకుని నాలుగడుగులు జరిగి, మనం గిన్నె పెట్టిన చోట పడతాయి. చుక్క పడిన చోటికి సరిగ్గా పైన మన్ను కప్పి దిగొస్తే, తర్వాతి వానకు అదే గిన్నె మళ్లీ పెట్టుకోవాలి. ఇంజిన్‌లో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కారడం అచ్చం ఇలాగే ఉంటుంది.

మాది కడప. నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ కారు ఒకటుంది. ఒక మే నెల మధ్యాహ్నం రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ సూది ఎర్రగీత దాటిపోయింది. ఆపేసరికే ఆలస్యమైంది. సిలిండర్లుండే బ్లాక్ మీద మూతలా కూర్చునే హెడ్ వంగింది, పిస్టన్ రింగులు పోయాయి. బోరింగ్ చేయించి (సిలిండర్ల లోపలి గోడలు కొత్తగా తొలిపించి), కొత్త పిస్టన్లు వేయించి, హెడ్ అడుగు చదును చేసే ఫేసింగ్ పట్టించి, చేతిలో ఉన్న డబ్బంతా అయిపోయాక బండి ఇంటికొచ్చింది. రెండు వారాలకు చూస్తే కూలెంట్ రిజర్వ్ డబ్బా ఖాళీ. గేర్‌బాక్స్ ఇంజిన్‌కు అతుక్కునే చోట కింద ఒక తడి మచ్చ.

మెకానిక్ కుర్రాడు వంగి చూసి, "హెడ్ దించాల్సిందే అన్నా, గ్యాస్కెట్ పోయినట్టుంది" అన్నాడు.

"ఆగు పా, ముందు ప్రెషర్ పెట్టి చూద్దాం. దించేది ఎప్పుడైనా దించొచ్చు" అన్నాను.

ఆగడం మంచిదైంది. కారేది గ్యాస్కెట్ దగ్గర, అంటే హెడ్‌కు బ్లాక్‌కు మధ్య పరిచే పొర దగ్గర, కాదు. దాన్ని పట్టుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. ఈ వరుస ముందే తెలిసుంటే రెండు రోజుల్లో తేలేది. అందుకే రాస్తున్నాను.

ముందు అసలు కారుతోందో లేదో తేల్చుకోండి

ఇంజిన్ విప్పి బిగించిన తర్వాత మొదటి రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారేటప్పటికి నీటి మట్టం తగ్గడం మామూలే. హెడ్ లోపల, హీటర్ పైపుల్లో ఇరుక్కున్న గాలి మెల్లగా బయటికొస్తుంది, ఆ ఖాళీలోకి నీళ్లు పోతాయి. అది లీకు కాదు. మూడోసారి తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే అప్పుడు అనుమానించాలి.

ఇంకో పొరపాటు వేడి మీద మట్టం చూడటం. 5 లీటర్ల నీళ్లు 95 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతాయి. సాయంత్రం బండి ఆపిన వెంటనే చూసి నిండుగా ఉందనుకుని, తెల్లారి చూసి తగ్గిందని కంగారుపడితే ఆ టెన్షన్ ఊరికే. రోజూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి ఒకే చోట నిలిపి చూడండి. డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. నాలుగు రోజుల గీతలు చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఏసీ వేసి తిరిగొచ్చాక బండి కింద, ముందు సీటు దిగువన నేల మీద పడే నీళ్లు చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి ఏసీ నీళ్లు. రంగు ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే మామూలు నీళ్లలాగే ఉంటాయి. కూలెంట్ అయితే కొంచెం జిగటగా, జారుడుగా ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది. నాలుక మీద మాత్రం పెట్టొద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి వీధి కుక్కలు నాకుతాయి, పసిపిల్లలు వేలు పెడతారు. పట్టిన కూలెంట్‌ను మూతున్న డబ్బాలోనే పెట్టండి.

చిన్న లీకును తేలిగ్గా తీసుకోవద్దు. ఒక మిల్లీలీటరుకు సుమారు ఇరవై చుక్కలనుకుంటే, పది సెకన్లకు ఒక్క చుక్క పడినా రోజు మొత్తం మీద 400 మిల్లీలీటర్ల పైనే పోతుంది.

చేతిలో ఉండాల్సినవి

మంచి టార్చి, పంటి డాక్టర్ల దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం, పాత అట్టపెట్టెలు, టాల్కం పౌడరు, స్పానర్లు, రేడియేటర్ ప్రెషర్ టెస్టరు. చివరిది కొనక్కర్లేదు, కాస్త పెద్ద గ్యారేజీల్లో ఉంటుంది, అడిగి ఒక పూట తెచ్చుకోవచ్చు. ఫోన్‌కు తగిలించే వైరు కెమెరా దొరికితే ఇంకా మంచిది. ఇంజిన్ వెనకవైపు మన తల పట్టదు, అది పడుతుంది.

రెండు జాగ్రత్తలు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. 0.9 బార్ ఒత్తిడి నిలిపే మూత కింద నీళ్లు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగి ఉంటాయి, మూత వదులు చేయగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తాయి. రెండోది, కరెంటు ఫ్యాన్ ఉన్న చాలా బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ వైరు తీసేయండి.

కడగండి, ఆరనివ్వండి

బోరింగ్ చేసి వచ్చిన ఇంజిన్ ఎప్పుడూ మురికిగానే ఉంటుంది. బిగించేటప్పుడు ఒలికిన ఆయిలు, నింపేటప్పుడు ఒలికిన కూలెంట్ కలిసి ఏది పాత తడో ఏది కొత్త తడో తెలియనివ్వవు. చల్లని ఇంజిన్‌ను సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. ఆల్టర్నేటర్‌కు, డిస్ట్రిబ్యూటర్‌కు ప్లాస్టిక్ కవర్లు కట్టండి. సర్వీసింగ్ సెంటర్ల ప్రెషర్ గన్ వద్దు, అది నీళ్లను కనెక్టర్లలోకి ఎక్కించి కొత్త రోగం తెస్తుంది. తర్వాత ఒక పూట ఆరనివ్వండి. మన ఎండకు ఆ పూట కూడా అక్కర్లేదు.

ఆరాక అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు పలచగా చల్లండి. హెడ్‌కు బ్లాక్‌కు మధ్య గీత పొడవునా, వాటర్ పంపు కింద, హోస్ పైపుల చివర్ల దగ్గర. తడి తగిలితే పౌడరు మీద చార పడుతుంది, ఆ చార పై కొస ఎక్కడుందో లీకు అక్కడ. ఇంట్లో ముగ్గుపిండి ఉంది కదా అని అది చల్లొద్దు. అది రాతిపొడి, బెల్టుల్లోకి బేరింగుల్లోకి పోయి అరగదీస్తుంది.

బండి కింద అట్ట పరిచి, టైర్ల గుర్తులు దాని మీద గీసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మరక ఎక్కడుందో చూస్తే ముందా వెనకా, కుడా ఎడమా అన్నది తెలుస్తుంది. అంతకంటే ఎక్కువ ఆ మరకను నమ్మొద్దు, మిద్దె సంగతి గుర్తుంది కదా.

ప్రెషర్ పెట్టి చూడటం

అసలు పని ఇక్కడే. ఇంజిన్ ఆపి ఉండగానే లోపల నడుస్తున్నప్పుడుండే ఒత్తిడి పుట్టిస్తాం. ఫ్యాన్ గాలి ఉండదు, బెల్టులు తిరగవు, చుక్క ఎక్కడ పుట్టిందో అక్కడే కనిపిస్తుంది.

రేడియేటర్ మూత మీద ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. 0.9 అంటే 0.9 బార్, అంటే సుమారు 13 పి.ఎస్.ఐ. కొన్నింటికి 1.1 ఉంటుంది. నీళ్లు నిండుగా పోసి, మూత తీసి, ఆ స్థానంలో టెస్టరు బిగించి, మీ మూత మీదున్న అంకె దాకా పంపు కొట్టండి. దాటొద్దు. "ఇంకాస్త కొడితే తొందరగా తెలుస్తుంది" అనేది అందరికీ వచ్చే ఆశే. తెలిసేది రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు పగిలిందని. టైర్ల షాపు కంప్రెసరు గాలి నేరుగా పెట్టడం కూడా ఇదే తప్పు.

కొట్టాక 20 నిమిషాలు ఆగండి. ఓపిక లేనివాళ్లు రెండు నిమిషాలు చూసి "బాగానే ఉంది" అంటారు. నా బండిలో టెస్టరు సూది పది నిమిషాల దాకా కదల్లేదు, తర్వాత వెంట్రుక వాసి చొప్పున జారింది. సూది పడుతోందంటే ఎక్కడో పోతోంది. టార్చి పట్టుకుని పైనుంచి కిందికి వెతకండి, కిందినుంచి పైకి కాదు. తడిసిన వాటిల్లో అన్నిటికంటే పైనున్నదే మీకు కావాల్సింది.

ఇదే పరీక్ష రెండు వేళల్లో చేయాలి. తెల్లవారుజామున, లోహం బాగా చల్లబడి ముడుచుకున్నప్పుడు ఒకసారి. ఇంజిన్ వేడెక్కించి, ఆపి, మూత మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఒకసారి. రబ్బరు సీళ్లు, హోస్ క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ కారతాయి, వేడికి ఉబ్బి మూసుకుంటాయి. హెడ్ పగుళ్లు దీనికి తిరగబడి ఉంటాయి, వేడికి తెరుచుకుంటాయి. మధ్యాహ్నం గ్యారేజీకి తీసుకెళ్తే ఏమీ కనబడదు, పొద్దున మన వాకిట్లో మాత్రం మరక ఉంటుంది. అప్పుడు మెకానిక్ మనల్ని అనుమానంగా చూస్తాడు.

మూతను కూడా అదే టెస్టరుతో, దానికిచ్చే అడాప్టరు పెట్టి పరీక్షించండి. రబ్బరు ఎండిపోయిన మూత ఒత్తిడి నిలపదు. నీళ్లు తక్కువ వేడికే మరిగి రిజర్వ్ డబ్బాలోంచి పొర్లిపోతాయి. ఇంజిన్‌కు వేలకు వేలు పోసి మూత మాత్రం పాతదే పెట్టిన బండ్లు నేను రెండు చూశాను. అందులో ఒకటి నాదే.

ప్రెషర్‌కూ దొరకని లీకుకు రంగు కలపడం ఒక దారి. అతినీలలోహిత కాంతికి మెరిసే డై కూలెంట్‌లో పోసి, రెండు రోజులు తిరిగి, రాత్రిపూట ఆ కాంతినిచ్చే టార్చి వేస్తే కారిన దారంతా పచ్చగా మెరుస్తుంది.

చెయ్యి పడిన చోటే చూడండి

పాత ఇంజిన్ లీకుకూ బోరింగ్ చేసిన ఇంజిన్ లీకుకూ తేడా ఒకటుంది. పాత ఇంజిన్‌లో వయసైపోయింది కారుతుంది. కొత్తగా బిగించినదాంట్లో ఎవరి చెయ్యో పడింది కారుతుంది. కాబట్టి అంతకుముందు కారని బండి ఇప్పుడు కారుతుంటే, ఏమేం విప్పారో కాగితం మీద రాసుకుని ఆ వరుసలోనే చూడండి. ఖర్చు తక్కువవి ముందు.

హోస్ పైపులు: గొట్టం చివర ఉబ్బెత్తుగా ఒక కట్ట ఉంటుంది. క్లిప్పు ఆ కట్ట వెనక కూర్చోవాలి, కట్ట మీద కాదు. హడావిడిలో మీద కూర్చుంటుంది, చూడటానికి బిగుతుగానే ఉంటుంది. నా బండిలో మొదట దొరికింది ఇదే, పై హోస్ దగ్గర. సరిచేసి పని అయిపోయిందనుకున్నాను. వారానికి 300 మిల్లీలీటర్లు పోయేది 150కి తగ్గిందే గానీ ఆగలేదు. ఒక లీకు దొరికితే ఇంకోటి ఉండదని ఎవరూ రాసివ్వలేదు. అందుకే ఏది బాగు చేసినా మళ్లీ ప్రెషర్ పెట్టి 20 నిమిషాలు చూడాలి.

థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) గిన్నె: ఇక్కడ జరిగే తప్పులు రెండు. పాత గ్యాస్కెట్ ముక్కలు గోకకుండా కొత్తది పెట్టడం, రెండు బోల్టుల్లో ఒకటి ముందు పూర్తిగా బిగించేయడం. అల్యూమినియం గిన్నె కాబట్టి వంగుతుంది.

వాటర్ పంపు: మన దగ్గర చాలామంది వాటర్ బాడీ అంటారు. దాని కడుపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోయిందని చెప్పడానికే ఆ రంధ్రం పెట్టారు. కొత్త పంపుకు మొదటి రోజు ఒకటి రెండు చుక్కలు రావచ్చు. ఆ తర్వాత కూడా వస్తుంటే పంపు మార్చాల్సిందే. రంధ్రాన్ని ఎమ్-సీల్‌తో పూడ్చిన మహానుభావులున్నారు. నీళ్లు అప్పుడు బేరింగులోకి పోతాయి.

వెల్చ్ ప్లగ్గులు: బ్లాక్ పక్కల గుండ్రంగా రేకు గిన్నెల్లా కొట్టి ఉంటాయి, మా మెకానిక్ డమ్మీలంటాడు. బ్లాక్‌ను మందు నీళ్లలో ఉడికించి కడిగినప్పుడు పాత ప్లగ్గుల తుప్పు ఊడి, అప్పటిదాకా ఆ తుప్పే ఆపిన రంధ్రం బయటపడుతుంది. బోరింగ్‌కు ఇచ్చినప్పుడే అన్నీ మార్చమని చెప్పాలి. గేర్‌బాక్స్ వెనక దాక్కున్న ప్లగ్గు మర్చిపోతే దానికోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి.

హెడ్ బోల్టులు: కొన్ని ఇంజిన్లలో బోల్టు రంధ్రాలు నేరుగా నీళ్ల గదిలోకి తెరుచుకుంటాయి. ఆ బోల్టుల మరలకు సీలెంటు పూయకపోతే నీళ్లు మరల వెంట ఎక్కి బోల్టు తల దగ్గర బయటికొస్తాయి, లేదా వాల్వ్ కవర్ కింద ఆయిల్లో కలుస్తాయి. మీ బండి మాన్యువల్లో ఏ బోల్టుకు ఏం పూయాలో ఉంటుంది.

ఇక నన్ను పది రోజులు తిప్పింది. వాటర్ పంపు నుంచి బ్లాక్ వెనకవైపుకు ఒక ఇనప పైపు పోతుంది. దాని కొసకు ఓ-రింగు, అంటే నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు, ఉంటుంది. గ్యాస్కెట్ సెట్టులో ఆ రింగు రాలేదు కాబట్టి పాతదే పెట్టి బిగించారు. ఏళ్ల తరబడి వేడికి కాలి గాజులా గట్టిపడిన రబ్బరు. కూలెంట్ అక్కడ పుట్టి, పైపు వెంట వెనక్కి జారి, గేర్‌బాక్స్ అతుకు మీదుగా దిగి కింద పడేది. చుక్క పడే చోటి నుంచి చూస్తే ఎవరికైనా హెడ్ గ్యాస్కెట్ వెనక మూలే అనిపిస్తుంది. పొద్దున ఐదున్నరకు, ప్రెషర్ పెట్టి, చిన్న అద్దం వెనక్కి పెట్టి చూస్తే పైపు మీద ఒక బొట్టు ఉబ్బుతూ కనిపించింది. కుర్రాడికి ఫోన్ చేస్తే వచ్చి తనూ అద్దంలో చూసి, "హెడ్ దించుంటే ఏమయ్యుండునో గదన్నా" అన్నాడు. ఏమీ అయ్యుండేది కాదు, కొత్త గ్యాస్కెట్ పడేది, లీకు అలాగే ఉండేది.

బయట ఏమీ లేకపోతే లోపల

సూది పడుతోంది, బయట పొడిగా ఉంది. కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి, హీటర్ కారితే నీళ్లు కారు లోపలికే వస్తాయి, అద్దాలకు జిడ్డు ఆవిరి పడుతుంది. అక్కడా లేకపోతే సిలిండర్‌లోకో ఆయిల్లోకో పోతోందన్నమాట.

ఆయిల్ మూత కింద లేత గోధుమరంగు నురగ కనిపించగానే గుండె జారిపోనక్కర్లేదు. బండి రోజూ రెండు కిలోమీటర్లే తిరుగుతుంటే లోపలి చెమ్మకు కూడా అలా పడుతుంది. గట్టి పరీక్ష వేరే ఉంది. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకుండా సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టును మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి. ముందు నీళ్లు వచ్చి తర్వాత ఆయిల్ వస్తే అనుమానం తీరినట్టే. ఆ స్థితిలో ఇంజిన్ తిప్పొద్దు, కొత్త బేరింగులు పోతాయి.

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి వరుసగా పెట్టండి. మూడు గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు పోతున్నట్టు. పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు ఒక సిలిండర్ పట్టక కొట్టుకోవడం, పొగలో తియ్యటి వాసన కూడా దీని గుర్తులే.

గ్యాసు నీళ్లలోకి వస్తోందా అని చూడటానికి నీలం రంగు ద్రావణంతో ఒక గొట్టం దొరుకుతుంది. రేడియేటర్ నోటి దగ్గర పెట్టి అక్కడి గాలిని అందులోంచి లాగితే, మండిన గ్యాసు ఉన్నప్పుడు పెట్రోల్ బండికి పసుపుగా, డీజిల్‌కు ఆకుపచ్చగా మారుతుంది. అది దొరక్కపోతే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి అర నిమిషంలోపే పై హోస్ పిసికి చూడండి. నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే హోస్ రాయిలా బిగుసుకుంటే లోపల ఒత్తిడి పెంచుతున్నది వేడి కాదు, సిలిండర్ గ్యాసు.

ఏ సిలిండరో తేల్చాలంటే దాన్ని కంప్రెషన్ పై స్థానానికి తెచ్చి, గేర్‌లో పెట్టి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి రేడియేటర్‌లో బుడగలు వస్తాయేమో చూస్తారు. గాలికి ఇంజిన్ తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి చేతులు, స్పానర్లు దూరంగా ఉంచాలి. ఇది చేసిన అనుభవమున్నవాళ్ల చేతే చేయించండి.

బాగు చేయడం

హోస్, క్లిప్పు, ఓ-రింగు పనులు ఇంట్లోనే అవుతాయి. ఇనప పైపు కొసను నీళ్ల కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) తుప్పు పోయేదాకా రుద్ది, కొత్త ఓ-రింగుకు కాస్త కూలెంట్ రాసి లోపలికి నెట్టాలి. గ్రీజు వద్దు, కొన్ని రబ్బర్లు ఆయిల్ తగిలితే ఉబ్బుతాయి. రింగు కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లి "ఇలాంటిది" అనొద్దు, అది నలిగి సన్నబడి ఉంటుంది. బండి మోడల్, భాగం నంబరు చెప్పి తీసుకోండి.

వెల్చ్ ప్లగ్గు తీసేటప్పుడు ఒక అంచున పంచ్ పెట్టి కొడితే అది అడ్డంగా తిరుగుతుంది, కటింగ్ ప్లయర్‌తో బయటికి లాగాలి. లోపలికి పడిపోతే దాని వెనక చెయ్యి పోదు. కొత్తది ఇత్తడిది దొరికితే అదే వేయండి, తుప్పు పట్టదు. గూడు శుభ్రం చేసి, అంచుకు పలచగా సీలెంటు పూసి, ప్లగ్గు గిన్నెలో సరిపోయే సాకెట్ పెట్టి, వంకర పోకుండా కొట్టాలి.

సిలికాన్ పేస్టు గురించి ఒక మాట. అనాబాండ్ లాంటివి మంచివే, ఎంత పూస్తామన్నదే సమస్య. పక్కలకు దోసె అంచులా పొంగిందంటే లోపలికీ అంతే పొంగింది. ఆ లోపలి ముక్కలు ఊడి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి. అగ్గిపుల్ల మందం గీత చాలు. పూశాక డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. గంటకే నీళ్లు పోస్తే చేసిందంతా వృథా.

హెడ్ గ్యాస్కెట్టే అని తేలితే ఈసారి తొందరపడొద్దు. గ్యాస్కెట్ ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేస్తే మూడోసారీ దించాల్సి వస్తుంది. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (తిన్నగా ఉండే ఉక్కు బద్ద) హెడ్ మీద పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు రెండు వైపులా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూడాలి. చాలా చిన్న కార్లకు 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ పట్టించాలి, మీ బండి హద్దు ఎంతో మాన్యువల్లో చూడండి. కడపలో బండలకు కొదవలేదు గదా అని నున్నగా పాలిష్ పట్టిన బండ మీద హెడ్ బోర్లించి ఆడుతోందేమో చూసేవాళ్లున్నారు. అరుగు మీద కూర్చోవడానికి ఆ నునుపు సరిపోతుంది, వెంట్రుక మందం కొలవడానికి సరిపోదు. అందరూ హెడ్ చూసి బ్లాక్ పైభాగం చూడరు. అదీ ఇలాగే కొలవండి.

హెడ్ లేత్ షాపుకు ఇచ్చినప్పుడు ఫేసింగ్ కంటే ముందు ప్రెషర్ టెస్టు అడగండి. నీళ్ల దారులన్నీ మూసి, గాలి పెట్టి, వేడి నీళ్లలో ముంచితే పగులుంటే బుడగలొస్తాయి. పగిలిన హెడ్‌ను ఎంత నున్నగా చేసినా లాభం లేదు.

బోల్టు రంధ్రాల్లో నీళ్లో ఆయిలో మిగిలితే ప్రమాదం. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం ఉంటే బోల్టు దాన్ని నొక్కుతుంది. బిగుతు కొలిచే టార్క్ రెంచ్ టక్‌మని బిగుతైందని చెబుతుంది, గ్యాస్కెట్ మీద మాత్రం ఆ ఒత్తిడి పడదు. కొన్నిసార్లు బ్లాకే పగులుతుంది. కంటికి అద్దాలు పెట్టుకుని ప్రతి రంధ్రం గాలి కొట్టి ఆరబెట్టండి. డిగ్రీల లెక్కన తిప్పి బిగించే బోల్టులు సాగేవి, వాటిని సాధారణంగా కొత్తవే వేయాలి.

గ్యాస్కెట్ మీద టాప్ అని అచ్చు ఉంటే ఆ వైపు పైకి. మాన్యువల్ చెప్పకపోతే షెల్లాక్ జిగురు, గ్రీజు ఏదీ పూయొద్దు. నడిమి బోల్టుల నుంచి బయటి వైపుకు, మాన్యువల్ చెప్పిన వరుసలో, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో బిగించాలి. రెంచ్ మీద కొలత ఏదో చూసుకోండి. 10 కిలోగ్రామ్-మీటర్లంటే సుమారు 98 న్యూటన్ మీటర్లు, 72 అడుగు-పౌన్లు. ఒకటి చదివి ఇంకోటి బిగిస్తే బోల్టు తెగుతుంది. "చేతి అందాజు నాకుంది" అనే మెకానిక్‌కు దండం పెట్టి రెంచ్ చేతికివ్వండి.

పసుపు వేయొచ్చా?

లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు వేసి ఊరు చేరడం మనకు తెలిసిందే. నడిరోడ్డులో రేడియేటర్‌కు సూదిబెజ్జం పడితే అది పనిచేస్తుంది. కంపెనీ డబ్బాల్లో వచ్చే లీక్ ఆపే మందులదీ అదే పద్ధతి, రంధ్రంలో ఇరుక్కుని పూడ్చడం. చిక్కేమిటంటే అది లీకు రంధ్రమో, హీటర్ గొట్టమో దానికి తెలియదు. అంత ఖర్చుతో లోపల శుభ్రం చేయించిన ఇంజిన్‌లో దాన్ని నేను వేయను. తప్పక వేసుంటే ఇల్లు చేరాక మొత్తం ఫ్లష్ చేయించండి.

నింపడం, గాలి తీయడం

మన బోరు నీళ్లు పోయొద్దు. ఈ ప్రాంతం నీళ్లలో సున్నం ఎక్కువ. వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే హెడ్ లోపలా పడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. బ్యాటరీ నీళ్ల పేరుతో దొరికే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మనకు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ ఎందుకనేవాళ్లుంటారు. మనకది కావాల్సింది తుప్పు ఆపడానికి, మరిగే వేడి పెంచడానికి. కలిపి అమ్మేది కొన్నారా, విడిగా కలపాల్సింది కొన్నారా డబ్బా మీద చదవండి. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటి కాదు, రెండు కంపెనీలవి కలపొద్దు. లీకు వెతికే రోజుల్లో మాత్రం ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో పని గడిపాను, కూలెంట్ నేలపాలు కాకుండా. నీళ్లు ఆగే సందులోంచి కూడా కూలెంట్ పాకగలదు, అందుకే అసలుది పోశాక చివరి ప్రెషర్ పరీక్ష మళ్లీ చేయాలి.

బండి ముందు భాగం కాస్త ఎత్తు మీద నిలపండి. హీటర్ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పండి. గాలి వదిలే స్క్రూ ఉంటే తెరవండి. సన్నటి ధారగా పోస్తూ హోస్‌లు పిసుకుతుండండి. మూత లేకుండానే స్టార్ట్ చేసి తగ్గినకొద్దీ పోయండి, బుడగలు ఆగి పై హోస్ వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. మూత బిగించి ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే ఇంకా ఎయిర్ లాక్ ఉంది, అంటే లోపల గాలి ఇరుక్కుని ఉంది. ఎయిర్ లాక్‌తో రోడ్డెక్కితే కొత్త హెడ్ మళ్లీ వంగుతుంది.

మొదట ఊళ్లోనే రెండు రోజులు తిరిగాను, పొద్దున గీత, సాయంత్రం టార్చి. మూడో రోజు తెల్లవారి గువ్వలచెరువు ఘాట్‌కే పోయాను, ఏసీ ఆపి, వెనక సీట్లో ఐదు లీటర్ల నీళ్ల డబ్బా పెట్టుకుని. సూది సగానికి ఒక గీత కింద నిలబడింది. పైన దుకాణం దగ్గర ఆపి, బానెట్ ఎత్తి, ఇంజిన్ చల్లారేదాకా పాలకోవా తింటూ కూర్చున్నాను. వెనక పైపు దగ్గర అద్దం పెట్టి చూస్తే పౌడరు చల్లినది చల్లినట్టే ఉంది. నెల తర్వాత డబ్బా మీద గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే లావుపాటి గీతయ్యాయి.